పాస్టరుగారికి ప్రభుత్వ గౌరవ వేతనం: తీసుకుందామా, వద్దా?

గుండ్లకమ్మ_గట్టు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో ఓ పల్లెటూరి బాప్టిస్టు సంఘం. నలభై గడపలు. రెండేళ్ల నుంచి ట్రెజరర్ పని నా నెత్తిన పడింది. ఎర్ర అట్ట లెక్కల పుస్తకం, మూత సరిగ్గా పడని కానుకల పెట్టె నా చేతిలో ఉంటాయి.

కిందటి నెల కానుకలు, దశమభాగాలు కలిపి 9,340 వచ్చింది. కరెంటు బిల్లు, మైకు రిపేరు పోను అయ్యగారికి, అంటే మా పాస్టరుగారికి, 6,000 ఇచ్చాం. ఆయనకు ఇద్దరు పిల్లలు, పెద్దది ఇంటర్. ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం ఇస్తుంది కదా, దానికి అప్లై చేయిద్దామని కమిటీలో ఒకరన్నారు. అంతే, రెండు గంటలు గొడవ. మా పెద్దాయన ఒకరు లేచి, "కైసరువి కైసరుకు ఇమ్మన్నాడు ప్రభువు, కైసరు దగ్గర తెచ్చుకోమనలేదు" అని కండువా దులుపుకుని వెళ్లిపోయారు. అయ్యగారు మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. తల వంచుకుని బైబిలు అట్ట గోకుతూ కూర్చున్నారు. నాకు అదే బాధేసింది.

ఏ పార్టీ మంచిది అనే చర్చ ఇక్కడ వద్దు. రాజ్యం ఇచ్చింది సంఘం తీసుకోవచ్చా, తీసుకుంటే ఏమవుతుంది, అది చెప్పండి చాలు. బుధవారం మళ్లీ మీటింగు.

కృష్ణా_కరకట్ట | ఆదివారం, రాత్రి 9:25

తీసుకోండి బ్రదర్, ఇందులో ఆలోచించేదేముంది? సబ్బు బిళ్ల నుంచి పెట్రోలు దాకా మనమూ పన్ను కడుతున్నాం. జెరూసలేం యాత్రకు తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే సాయం 2019లో 60,000 చేశారు, అది తీసుకుని వెళ్లొచ్చినవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. తెలంగాణలో క్రిస్మస్‌కి బట్టలు పంచారు. అప్పుడు రాని అనుమానం అయ్యగారి అన్నం దగ్గరే వచ్చిందా?

పాలమూరు_ఎంబీ | ఆదివారం, రాత్రి 10:03

అన్నా, నేనైతే వద్దంటా. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగైతది.

మాది మహబూబ్‌నగర్ దిక్కు, ఎంబీ చర్చి. మెన్నొనైట్ బ్రెదరెన్. మా సంఘాల్లో సగం మందికి ఆ మాటకు అర్థం తెల్వదు, ఎవరో తెల్లదొర పేరనుకుంటారు. పూర్తిగా తప్పేం కాదు, మెన్నో సైమన్స్ అని డచ్చి దేశపు ఫాదరు ఒకాయన ఉండె, ఆయన పేరే. కానీ కథ ఆయనకంటే ముందే స్విట్జర్లాండ్‌లో మొదలైంది.

1525లో జ్యూరిక్‌లో కొంతమంది కుర్రాళ్లు, పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదు, నమ్మినవాడే తీసుకోవాలని చెప్పి ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నరు. ఇది మనకు మామూలు మాటే కదా, మరి ఊరి కౌన్సిల్‌కు అంత మంట ఎందుకు? ఎందుకంటే అప్పట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ బాప్తిస్మం అయ్యేది. అదే సంఘంలో చేరడం, అదే ఊళ్లో మనిషిగా లెక్కలోకి రావడం. "నేను పెద్దయినాక నా ఇష్టంతో చేరుతా" అంటే రాజ్యం పునాది కిందినుంచి రాయి పీకినట్టే. 1527 జనవరిలో ఫెలిక్స్ మాంజ్ అనే అతన్ని చేతులు కట్టేసి లిమ్మట్ నదిలో ముంచి చంపిన్రు. చంపింది పోపు మనుషులు కాదు అన్నా. సంస్కరణ తెచ్చిన ఊరే, బైబిలు చదివే కౌన్సిలే.

అందుకే మా వాళ్లు అప్పట్నుంచీ ఒకటే మాట పట్టుకున్నరు. కత్తి రాజ్యం చేతిల ఉంటది, సంఘం చేతిల ఉండొద్దు. రాజ్యం కొట్టినా ఓర్చుకో, పెట్టినా జాగ్రత్తగా ఉండు. నా లెక్కల పెట్టినప్పుడే ఎక్కువ భయం.

గుంటూరు_మాస్టారు | ఆదివారం, రాత్రి 10:41

పాలమూరు తమ్ముడూ, మాంజ్ కథ నిజమే, సిగ్గుపడాల్సిన కథే. కానీ మీ వాళ్ల కథ అక్కడితో ఆపేస్తే ఎలా? తర్వాత రష్యా వెళ్లారు, రాణి కాథరిన్ భూములిచ్చింది, సైన్యంలో చేరక్కర్లేదని మాటిచ్చింది. అక్కడ మెన్నొనైట్ ఊళ్లన్నిటికీ పాలకులు మెన్నొనైట్లే. 1860లో మీ "బ్రెదరెన్" శాఖ విడిపోతే, వాళ్లను బెదిరించి ఇబ్బంది పెట్టిందెవరు? జార్ కాదు, ఆ ఊళ్లలో అధికారం చేతిలో ఉన్న మెన్నొనైట్ పెద్దలే. అధికారం ఎవరి చేతికి చిక్కినా అంతే నాయనా, మావాళ్లు మీవాళ్లు అని లేదు.

నేను లూథరన్‌ని, ముప్పై రెండేళ్లు బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. మా లెక్క వేరు. దేవుడు లోకాన్ని రెండు చేతులతో పాలిస్తాడు అంటాడు లూథర్. ఒక చెయ్యి వాక్యం, ఇంకొకటి చట్టం. 1523లో ఆయన రాసిన పుస్తకంలో ఉంది, ఆత్మ మీద రాజుకు హక్కు లేదు, ఒంటి మీద, ఆస్తి మీదే. అలాగని రాజు పని దయ్యం పని కాదు. 1530 నాటి మా ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం పదహారో అధికరణం చెప్పేదీ ఇదే, క్రైస్తవుడు జడ్జీ కావచ్చు, ప్రభుత్వ కొలువు చేయవచ్చు.

ఇక మన గుంటూరు సంగతి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యరు ఫాదరు వచ్చినప్పుడు ఆదరించి నిలబెట్టిందెవరు? అప్పటి కలెక్టరు స్టోక్స్. ఆ కలెక్టరు చెయ్యి పట్టుకోకపోతే ఆంధ్రలో లూథరన్ సంఘం ఎక్కడుండేదో. కాబట్టి ప్రభుత్వం చెయ్యి తగిలితే మైలపడిపోతామనే మాట నేను ఒప్పుకోను. "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" అన్నది పౌలే కదా, రోమా 13. తీసుకోండి, దీవించి తీసుకోండి.

పాలమూరు_ఎంబీ | ఆదివారం, రాత్రి 10:50

సారు, కలెక్టరు తన ఇష్టంతో చేసింది వేరు, సర్కారు ఖజానా వేరు. 😀 రష్యా మాట మాత్రం ఒప్పుకుంటున్న. ఆ రష్యా నుంచే ఫ్రీజన్ దొర నల్గొండకు వచ్చి మా పని మొదలుపెట్టిండు, మీకు తెల్వకుండ ఉంటదా.

స్టుట్‌గార్ట్_సిస్టర్ | సోమవారం, తెల్లవారుజామున 2:18

నైట్ డ్యూటీలో ఉన్నాను, ఇప్పుడే చూశాను. లూథర్ పుట్టిన దేశంలో సంగతి నేను చెప్తాను మాస్టారూ.

ఇక్కడికి నర్సుగా వచ్చిన వారంలో అడ్రసు నమోదు చేయించుకోవడానికి వెళ్లాను. ఫారంలో మతం అని ఒక గడి. మన దగ్గర అలవాటే కదా, గర్వంగా ప్రొటెస్టెంట్ అని రాసి వచ్చాను. మొదటి జీతం చీటీ చూస్తే ఇన్‌కమ్ ట్యాక్సు కింద ఇంకో గీత, చర్చి పన్ను. మా రాష్ట్రంలో ఇన్‌కమ్ ట్యాక్సులో 8 శాతం, చాలా రాష్ట్రాల్లో 9. ఇన్‌కమ్ ట్యాక్సు 400 యూరోలైతే ఇది 32. ప్రభుత్వమే కోసి చర్చికి ఇస్తుంది, ఆ పని చేసినందుకు తన ఖర్చు తాను పట్టుకుంటుంది. పక్క బెడ్డు డ్యూటీ చేసే కేరళ అమ్మాయి పడీ పడీ నవ్వింది, "నువ్వూ రాశావా?" అని.

ఇది ఎందుకొచ్చిందని అడిగితే మా వార్డులో ఒక ముసలాయన చెప్పాడు. 1803లో అక్కడి రాజులు చర్చి భూములు లాక్కున్నారు, దానికి బదులుగా చర్చిల బాధ్యత నెత్తిన వేసుకున్నారు, రానురాను అది పన్నుగా మారింది. 1919 రాజ్యాంగం "రాజ్య చర్చి లేదు" అని రాసింది, పన్ను హక్కు మాత్రం ఉంచింది. ఇప్పటికీ అదే.

వద్దనుకుంటే ఆఫీసుకు వెళ్లి సంఘం వదిలేస్తున్నానని సంతకం పెట్టాలి. ప్రార్థన మానేశానని కాదు, పన్ను మానేశానని. కేథలిక్కులకైతే అలా సంతకం పెట్టినవాళ్లకు దివ్యసత్ప్రసాదం వంటి సంస్కారాలు ఉండవని 2012లో ఇక్కడి బిషప్పులు తేల్చేశారు. చర్చిలు రాతితో కట్టినవి, ఆర్గన్ అద్భుతంగా మోగుతుంది, హీటరు ఉంటుంది. ఆదివారం నాతో కలిపి పదిహేడు మంది. మా ఊళ్లో రేకుల షెడ్డులో చెమటలు కక్కుతూ రెండొందల మంది పాడే పాట గుర్తొస్తుంది. డబ్బు వల్లే జనం పోయారని నేననను. కానీ డబ్బు ఆగదు కాబట్టి జనం పోయిన సంగతి ఎవరికీ తొందరగా తెలియలేదేమో.

విచారణ_వాణి | సోమవారం, ఉదయం 7:30

మేం కేథలిక్కులం, మా బైబిల్లో "సీజరువి సీజరునకు" అని ఉంటుంది, మీది "కైసరు". మనిషి ఒక్కడే అనుకోండి.

ఈ పేచీ మా దగ్గర చాలా పాతది. 494లో పోపు గెలాసియస్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు, లోకాన్ని ఏలే అధికారాలు రెండు, గురువులది ఒకటి, రాజులది ఒకటి, గురువుల బరువే ఎక్కువ, ఎందుకంటే రాజుల తరఫున కూడా దేవుడి ముందు జవాబు చెప్పేది వాళ్లే అని. వినడానికి బాగానే ఉంది. ఆరొందల ఏళ్ల తర్వాత చూడండి, బిషప్పులను ఎవరు నియమించాలనే తగాదాలో జర్మనీ రాజు నాలుగో హెన్రీని పోపు ఏడో గ్రెగరీ వెలివేశాడు. 1077 జనవరిలో ఆ రాజు కనోసా కోట గుమ్మం ముందు మూడు రోజులు మంచులో చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. మా కాటెకిజం క్లాసులో ఇంతవరకే చెప్పారు. తర్వాతది నేను పెద్దయ్యాక చదివాను. అదే రాజు 1084లో రోము పట్టుకున్నాడు, పోపుగారు పరాయి ఊళ్లో ప్రాణం విడిచారు.

మత స్వేచ్ఛ మనిషి హక్కు, విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతం చేయకూడదని మా సభ తీర్మానించింది 1965 డిసెంబరులో, రెండో వాటికన్ సభ చివర. అంత ఆలస్యం ఎందుకైందని ఫాదరుగారిని అడిగితే నవ్వి ఊరుకున్నారు. మీ 5,000 సంగతిలో నా మాట: ఇబ్బందిలో ఉన్న మనిషికి సాయంగా అయితే సరే, సంఘానికి జీతంగా అయితే వద్దు. ఆ గీత ఎక్కడుందో మాత్రం నన్నడక్కండి.

అర్చకుడి_మనవడు | సోమవారం, ఉదయం 8:05

నేను క్రైస్తవుణ్ణి కాను, చదువుతూ ఉంటాను. ఒక మాట చెప్పొచ్చా?

మా తాతగారు గోదావరి జిల్లాలో ఒక శివాలయం అర్చకులు. వంశపారంపర్యం, గుడి మాన్యం పండిస్తే తినడం. 1987లో దేవాదాయ చట్టం వచ్చి మిరాశీ హక్కులు రద్దయ్యాయి. సుప్రీంకోర్టు కూడా 1996లో ఆ చట్టాన్ని సమర్థించింది. అందులో న్యాయం లేదనను, పుట్టుకతో వచ్చే హక్కు గురించి వాదన ఉంది, నాకూ తెలుసు. నేను చెప్పేది ఒక చిన్న విషయం. తాతగారు తెల్లారుజామున లేచి గుడి తలుపులు తీసేవారు, అది అభిషేకం కోసం. తర్వాత్తర్వాత అలాగే లేచేవారు, కానీ ముందు రిజిస్టరులో సంతకం, తర్వాత అభిషేకం. శివుడు అక్కడే ఉన్నాడు, పక్కన ఈవోగారి కుర్చీ వచ్చింది.

మా వాళ్లందరూ "చర్చిలను ముట్టుకోరు, గుడులనే పట్టుకుంటారు" అని కోప్పడతారు. నాకూ కోపమే. కానీ మీరు ఎదురెళ్లి తెచ్చుకుంటున్నారు చూడండి, అది చూస్తే విచిత్రంగా ఉంది. రావడం తేలిక, పంపడం కష్టం.

[తొలగించిన పోస్టు] | సోమవారం, ఉదయం 8:21

నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 8:40

పైన ఒక పోస్టు తీసేశాం. "డబ్బులకు మతం మారినవాళ్లు" లాంటి మాటలు ఇక్కడ నడవవు. అర్చకుడి_మనవడు గారి పోస్టు ఉంటుంది, అది మర్యాదగా రాసిన మాట. ఎవరైనా దాన్ని రిపోర్టు కొడితే మీరే ఆలోచించుకోండి.

కాలేజీ_కాపరి | సోమవారం, మధ్యాహ్నం 1:15

సెమినరీలో మూడో సంవత్సరం. సంఘ చరిత్ర పరీక్ష వచ్చే నెల, ఈ చర్చ నాకు రివిజన్ అయిపోయింది.

గుండ్లకమ్మ అన్నా, మీ కమిటీ గొడవ అచ్చంగా ఒకసారి జరిగింది. రోమా సామ్రాజ్యంలోని ఉత్తర ఆఫ్రికాలో, 347 ప్రాంతంలో. అక్కడ సంఘం రెండుగా చీలింది, ఒక వర్గం దోనాతిస్టులు. చక్రవర్తి కాన్‌స్టాన్స్ ఇద్దరు అధికారులను పంపాడు, పౌలస్, మకారియస్. చేతిలో కత్తి కాదు, డబ్బు. సంఘాలకూ పేదలకూ పంచడానికి. చీలిక మానిపోవాలని ఆశ. అప్పుడు ఆ వర్గం నాయకుడు దోనాతు అడిగాడు: "చక్రవర్తికి సంఘంతో ఏం పని?" డబ్బు తీసుకోవద్దని తన సంఘాలన్నిటికీ ఉత్తరాలు పంపాడు. మీ కండువా పెద్దాయన లాంటివాడే.

తర్వాతేమైంది? డబ్బు పనిచేయకపోతే సైనికులు వచ్చారు. రక్తం పారింది. అంటే ఆ సంచీ, ఆ కత్తి ఒకే ఇంటి నుంచి వచ్చాయి.

కానీ దోనాతు వర్గం మీద నాకు మరీ జాలి లేదు. 313లో గొడవ మొదలైనప్పుడు తీర్పు చెప్పమని అప్పటి చక్రవర్తి కాన్‌స్టంటైన్ దగ్గరకు ముందు పరుగెత్తింది వాళ్లే. తీర్పు ఎదురు తిరిగాక గుర్తొచ్చింది చక్రవర్తికి ఏం పని అని. ఇక అక్కడి బిషప్పు, మన అగస్టీను గారు మొదట్లో బలవంతం వద్దన్నారు. పోలీసు దెబ్బకు చాలామంది తిరిగి రావడం చూసి మనసు మార్చుకున్నారు. విందు ఉపమానంలో "లోపలికి వచ్చుటకు అక్కడివారిని బలవంతము చేయుము" అని ఉంది కదా, లూకా 14, ఆ మాట పట్టుకున్నారు. భోజనానికి రమ్మని చెయ్యి పట్టుకు లాగే మాట అది. పెళ్లిలో మనం లాగమూ? దాన్ని సంకెళ్లకు వాడారు. తర్వాత వెయ్యేళ్ల పాటు ఆ ఒక్క వాక్యాన్ని ఎంతమంది వాడుకున్నారో.

ఇంకొకటి. కాన్‌స్టంటైన్ క్రైస్తవం వైపు మారిన కొత్తలో సంఘ సేవకులకు ఊరి బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చాడు. అప్పట్లో ఆ బాధ్యతలంటే సొంత డబ్బు పెట్టి పన్నులు వసూలు చేయించడం వంటివి, ఆస్తులు కరిగిపోయేవి. మినహాయింపు రాగానే ఉన్నవాళ్లు ఎగబడి గురువులైపోయారు. కొన్నేళ్లకే ఆయనే ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు మా ఊళ్లో కొత్తగా వెలసిన రెండు "మినిస్ట్రీల" బోర్డులు గుర్తొచ్చి నవ్వుకున్నాను. పాపం, అనకూడదు.

గుంటూరు_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 3:02

కాలేజీ బాబు బాగా చెప్పాడు. రాత్రి నేను రోమా 13 రాసి పడుకున్నాను, నిద్ర సరిగా పట్టలేదు. మా వాళ్లు ఆ అధ్యాయాన్ని జర్మనీలో హిట్లర్‌కు కూడా చదివి వినిపించారు. "జర్మన్ క్రైస్తవులు" అని ఒక ఉద్యమమే నడిపారు, ఫ్యూరర్‌ను దేవుడే పంపాడని. దానికి ఎదురు నిలిచి 1934 మేలో బార్మెన్‌లో లూథరన్లు, రిఫార్మ్‌డ్‌ వాళ్లు కూర్చుని ప్రకటన రాశారు. రాజ్యానికి దేవుడిచ్చిన పని ఉంది, న్యాయం, శాంతి చూడటం. అది దాటి మనిషి జీవితమంతా నాదే అంటే ఒప్పుకోం అని. బాన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టరు ఆ ఎదురు నిలిచిన గుంపు మనిషే, 1945 ఏప్రిల్‌లో ఉరి తీశారు.

రోమా 13 చదివేవాళ్లు ప్రకటన 13 కూడా చదవాలి. అందులో అదే రోమా రాజ్యం మృగంలా కనిపిస్తుంది. ఈ మాట మా పాత కాపరి ఒకరు అనేవారు, రాత్రి గుర్తు రాలేదు. తీసుకోండి అన్న మాట ఇంకా వెనక్కి తీసుకోవట్లేదు. "దీవించి" అన్నది మాత్రం తీసేస్తున్నాను.

డాలస్_దాసు | సోమవారం, రాత్రి 8:47

గుండ్లకమ్మ తమ్ముడూ, బాప్టిస్టు అంటున్నావు, మీ తాతల సంగతి నీకెవరూ చెప్పలేదా?

1612లో థామస్ హెల్విస్ అనే ఇంగ్లండు బాప్టిస్టు పుస్తకం రాసి జేమ్స్ రాజుకే పంపాడు. రాజు మనిషే, దేవుడు కాదు, ప్రజల ఆత్మల మీద అతనికి అధికారం లేదు అని. తనవాళ్ల కోసం మాత్రమే అడగలేదు, ముస్లింలకు, యూదులకు, ఎవరికైనా సరే ఇదే వర్తిస్తుందన్నాడు. జైల్లోనే పోయాడు. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో వేరే శాఖ వాళ్లది అధికార చర్చి. దాని పన్ను తప్పించుకోవాలంటే బాప్టిస్టులు "మేం బాప్టిస్టులం" అని సర్టిఫికెట్ తెచ్చి చూపించాలి. స్టుట్‌గార్ట్ చెల్లెమ్మ ఫారం లాంటిదే. అక్కడి డాన్‌బరీ బాప్టిస్టులు అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్‌కు మొర పెట్టుకుంటే, 1802 జనవరి 1న ఆయన రాసిన జవాబులోనే చర్చికీ రాజ్యానికీ మధ్య "గోడ" అనే మాట వచ్చింది. గోడ అడిగింది నాస్తికులు కాదు, మీ బాప్టిస్టులు.

ఇక్కడ నేను వెళ్లే చర్చిలో పుల్పిట్ పక్కన జాతీయ జెండా ఉంటుంది. జూలైలో దేశభక్తి పాటలు పాడతారు. మొదటి రెండేళ్లు ఏమీ అనిపించలేదు, ఇప్పుడు ఆ జెండా మీదికే కళ్లు పోతాయి.

రేకుల_మందిరం | సోమవారం, రాత్రి 11:20

నేను ఒక పాస్టరు భార్యను. ఊరు, పేరు వద్దు. మీరంతా చరిత్ర బాగా చెప్తున్నారు. మా ఇంట్లో ఆ డబ్బు వస్తోంది. వచ్చిన రోజు గ్యాసు బండ, పిల్లాడి ఫీజు. మొదటి నెల నేను ఏడ్చాను, సంతోషంతోనే.

ఒకటే చెప్తాను. ఎజ్రా, నెహెమ్యా ఇద్దరూ పారసీక రాజు అనుమతితోనే యెరూషలేముకు బయల్దేరారు. ఎజ్రా రాజును సైనికులను అడగడానికి సిగ్గుపడ్డాడు, మా దేవుడే కాపాడతాడని చెప్పి ఇప్పుడు కాపలా ఎలా అడగను అనుకుని ఉపవాసం పెట్టుకున్నాడు (ఎజ్రా 8). నెహెమ్యా కలప కోసం రాజు చీటీ అడిగి తీసుకున్నాడు, గుర్రపు రౌతులతో వచ్చాడు (నెహెమ్యా 2). దేవుడు ఇద్దరినీ తిట్టలేదు. గోడ కట్టింది నెహెమ్యా. కానీ నాకు ఎజ్రా సిగ్గు కూడా అర్థమవుతుంది.

మా ఆయన ఇదివరకు నీళ్ల ట్యాంకు గురించి, రోడ్డు గురించి ప్రార్థనలో గట్టిగా అడిగేవారు, నాయకుల పేర్లతో సహా. ఈ మధ్య పేర్లు తగ్గాయి. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఆయనకు తెలుసో లేదో, నేనైతే అడగలేదు.

స్టుట్‌గార్ట్_సిస్టర్ | సోమవారం, రాత్రి 11:58

అమ్మగారూ. 🙏

పేట_పిల్ల | మంగళవారం, ఉదయం 6:44

గోడ గోడ అంటున్నారు. ఆ గోడ మా ఇంటి మధ్యలోంచి పోతుంది అన్నా.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కాని దళితులు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మా దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి, వాటా 1 శాతం. బావి దగ్గర మాత్రం మా కులం ఎవరూ మర్చిపోరు. అందుకే పేటలో చాలా ఇళ్లల్లో ఒకటే తంతు: ఆదివారం మందిరం, కాగితం మీద ఇంకొకటి. దీన్ని అబద్ధం అని బయటివాళ్లు అనడం తేలిక.

ఇప్పుడు గౌరవ వేతనం అప్లికేషన్‌లో పాస్టరు తన మతం, కులం కాగితాలు పెట్టాలి. క్రైస్తవుడని రాసి 5,000 తీసుకుంటే, కూతురికి ఇన్నాళ్లూ ఉన్న సర్టిఫికెట్ ఏమవుతుంది? మా అయ్యగారు అప్లై చేయకపోవడానికి సిద్ధాంతం ఏమీ లేదు, అదే కారణం. రాజ్యం, మతం వేరువేరు అని మీరంటున్నారు. ఎవరు క్రైస్తవుడో తేల్చేది మాత్రం తహసీల్దారు.

పాలమూరు_ఎంబీ | మంగళవారం, ఉదయం 7:10

అక్కా, జ్యూరిక్‌ల బాప్తిస్మం, ఊరి లెక్క గురించి అంత రాసిన, ఇది తట్టలేదు నాకు. అది ఐదొందల ఏళ్ల కిందిదని అనుకున్న.

సీఎస్ఐ_సోదరి | మంగళవారం, ఉదయం 9:33

మిషనరీలు, బ్రిటిష్ ప్రభుత్వం ఒకటేనని పైన తొలగించిన పోస్టులో ఉందని విన్నాను. చిన్న మాట. ఈస్టిండియా కంపెనీ తన ఖర్చుతో చాప్లిన్లను, అంటే జీతం ఇచ్చే పాదిరీలను, పోషించింది, కానీ వాళ్లు ముఖ్యంగా తెల్లవాళ్ల కోసమే. విలియం కేరీ అనే మిషనరీ 1793లో వస్తే కంపెనీ ఇలాకాలో మిషను పెట్టనివ్వలేదు, డేన్ల చేతిలో ఉన్న సేరంపూరుకు పోవాల్సి వచ్చింది. మిషనరీలకు అనుమతి దొరికింది 1813 చార్టర్‌తో. మా ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండు రాజ్య చర్చి నుంచి చట్టపరంగా విడిపోయింది 1930లో. అది జరిగాకే 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడింది. కంపెనీ జీతం తిన్న చాప్లిన్ల పేర్లు పాత సమాధి రాళ్ల మీద తప్ప ఎక్కడా వినం.

గుండ్లకమ్మ_గట్టు | బుధవారం, రాత్రి 11:05

మీటింగు అయిపోయింది. ముందుగా అందరికీ థాంక్స్, ముఖ్యంగా రేకుల_మందిరం అమ్మగారికి. మీ పోస్టు పేరు లేకుండా చదివి వినిపించాను. అయ్యగారు అప్పుడు తల ఎత్తారు.

కండువా పెద్దాయన ఇవాళ వచ్చారు, కోపం తగ్గింది. ఆయన చెప్పిన కథ ఇక్కడ రాయాలి. ధాత కరువులో, అంటే 1876 నుంచి, మన ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు కొన్ని మైళ్లు తీసుకున్నాడట. ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి. అది సర్కారు డబ్బే, తీసుకున్నాడు. కానీ ఆ కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చినవాడెవడో, ప్రభువు కోసం వచ్చినవాడెవడో తెలియదు కాబట్టి. పనులు అయ్యాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర మా గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఈ అంకె మాకు సండే స్కూల్లోనే బట్టీ. ఆపాడన్న సంగతి మాత్రం ఇవాళే విన్నాను.

"డబ్బు తీసుకున్నాడు, తలుపు మూశాడు. మనం ఏ తలుపు మూస్తాం?" అని అడిగారు పెద్దాయన. ఎవరికీ జవాబు తోచలేదు.

చివరికి తేలిందేంటంటే, ఏమీ తేలలేదు. అప్లికేషన్‌కు మందిరం స్థలం కాగితం కావాలట. తీసి చూస్తే స్థలం ఇంకా దానం ఇచ్చిన తాత పేరు మీదే ఉంది, ఆయన పోయి ఇరవై ఏళ్లు, వారసులు ఐదుగురు, ఒకాయన సూరత్‌లో. అది తెగేటప్పటికి అయ్యగారి పెద్దమ్మాయి డిగ్రీ అయిపోతుంది. అయ్యగారికి మాత్రం ఈ నెల నుంచి 1,500 పెంచాం.

గుంటూరు_మాస్టారు | బుధవారం, రాత్రి 11:19

ట్రెజరరు గారూ, 9,340లో ఆ 1,500 ఎక్కడినుంచి తెస్తారు?

గుండ్లకమ్మ_గట్టు | బుధవారం, రాత్రి 11:31

కోత పండుగ వస్తోంది కదా మాస్టారూ, వేలంపాట. పోయినేడు ఒకే గుమ్మడికాయను నాలుగుసార్లు అమ్మాం. కొన్నవాళ్లు కొన్నట్టే మళ్లీ బల్ల మీద పెట్టేశారు. ఈసారి కండువా పెద్దాయన మొదటి పాట తనదే అన్నారు.